నల్లమల నీలం

తల్లీ, నీకు దండం. నంద్యాల నుంచి గిద్దలూరుకు కనుమ దాటుతుంటే రెండు పక్కలా కమ్ముకొచ్చే అడవి నీది. ముసలి మాను తొర్ర నీ ఇల్లు. పగలంతా లోపలే ముడుచుకుంటావు. పొద్దు గూకాక గుమ్మంలోకొచ్చి, రెక్కల పురుగేదైనా అటు వస్తుందేమోనని కాచుకుంటావు. వల పన్ని కూర్చునే సాలీడువి కావు నువ్వు. దారం నీకు ఇంటి గోడలకే. వేట నీ కాళ్ల వడితోనే.

ఏం నీలమమ్మా అది! అందులో రంగన్నదే లేదట. నీ నూగు వెంట్రుకల్లోని అతిసన్నని పొరలు వెలుగులోంచి నీలాన్ని ఏరి మన కంటికి పంపుతాయి. నెమలి పింఛానిదీ ఈ విద్యే. కానీ తల తిప్పితే పింఛం వన్నె మారుతుంది. నీది ఎటు నుంచి చూసినా ఇంచుమించు అదే నీలం. ఎవరైనా మీదికొస్తే ముందుకాళ్లెత్తి, వాటి అడుగున దాచుకున్న పసుపు చూపిస్తావు. మగవాడికి ఈ మెరుపూ తక్కువే, ఆయువూ తక్కువే. నువ్వు మాత్రం పదేళ్లు దాటి బతుకుతావు.

లోకం నిన్ను గుత్తి సాలీడంటుంది. 1899లో పోకాక్ అనే ఆంగ్ల శాస్త్రజ్ఞుడు నిన్ను కొత్త జాతిగా వర్ణించాడు. ఆయన చూసిన సాలీడు గుత్తి రైల్వే కలప యార్డులో దొరికింది. అప్పటికే ఈ కొండల్లో మీటర్ గేజ్ బండ్లు తిరుగుతున్నాయి. కొట్టిన దుంగలతోపాటు నువ్వూ రైలెక్కి, దాదాపు వంద కిలోమీటర్లు పోయి ఉంటావని పండితుల ఊహ. నాకూ అదే నిజమనిపిస్తుంది. ఆ తర్వాత నూరేళ్లకు పైగా శాస్త్రానికి నీ జాడ లేదు. 2001లో నంద్యాల, గిద్దలూరు నడిమి అడవిలో మళ్లీ కనబడ్డావు. కనబడ్డది శాస్త్రజ్ఞులకు, నువ్వెప్పుడూ ఇక్కడే ఉన్నావు.

నీకున్నదంతా వంద చదరపు కిలోమీటర్ల లోపు అడవేనని అంచనా. చుట్టుపక్కల అడవుల్లో వెతికినా నువ్వు దొరకలేదు. తీవ్రంగా అంతరించిపోతున్న జాతి అని 2008లో ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ నిన్ను జాబితాకెక్కించింది. ఎక్కడెక్కడి దేశాల్లోనో నీ అందానికి మురిసి గాజుపెట్టెల్లో పెంచుకుంటున్నారు. ఇక్కడేమో నీ ఇల్లు కలపకూ వంటచెరకుకూ పోతోంది.

పోయినచోట మొక్క నాటితే చాలదు తల్లీ. మాను ముదరాలి, కొమ్మ విరగాలి, లోపలి చేవ పుచ్చాలి. అప్పటికి గాని తొర్ర పడదు. అందుకే గొడ్డలి పట్టి అడవికెళ్లే నా గిద్దలూరు ప్రాంతపు అన్నలనూ అక్కలనూ చేతులెత్తి అడుగుతున్నాను: తొర్రమాను జోలికి మాత్రం పోకండి.