చుక్కలు పెరిగితే గుంపు మాయం

నెబ్యులాల ఫొటోలు తీసేవాళ్లకు వెలుగు ఎంత పోగైతే అంత పండగ. నక్షత్ర గుచ్ఛాల దగ్గర ఆ లెక్క సాగదు.

సిరియస్‌కు నాలుగు డిగ్రీలు దక్షిణంగా ఉన్న ఎం41నే చూడండి. సుమారు 2,300 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్నా, ఆకాశంలో పూర్ణచంద్రుడి కన్నా కాస్త ఎక్కువ చోటే పడుతుంది. లండన్‌లో 18 డిగ్రీల ఎత్తు దాటని ఈ గుచ్ఛం హైదరాబాదులో 50 దాటుతుంది. చలికాలంలో మనకిది చేతికందే సరుకే.

ఎక్స్‌పోజర్ పెంచుకుంటూ పోతే వెనకున్న పాలపుంత చుక్కలన్నీ పైకి తేలతాయి. ఏది గుచ్ఛమో, ఏది కాదో తెలియకుండా పోతుంది. పైగా పెద్ద చుక్కలు సెన్సర్‌ను నింపేసి తెల్లగా పాలిపోతాయి. ఎం41 నట్టనడుమ ఒక నారింజ చుక్క ఉంది, చుట్టూ ఉన్నవి ఎక్కువగా నీలి తెలుపువి. గుచ్ఛంలోని నక్షత్రాలు ఒకే మబ్బులోంచి, దాదాపు ఒకేసారి పుడతాయి. బరువైనవి ఇంధనాన్ని తొందరగా కాల్చేసుకుని, ముందుగా రెడ్ జెయింట్లవుతాయి. ఆ కథంతా రంగులోనే ఉంది. నడిమి చుక్క తెల్లబడిన ఫొటో నా దృష్టిలో చెడిపోయిన ఫొటోనే.

అందుకే 80 మి.మీ. టెలిస్కోప్‌తో అర నిమిషం చొప్పున చిన్న ఫ్రేములు చాలా తీసి, కంప్యూటర్‌లో ఒకదానిపై ఒకటి పేరుస్తారు. చుక్కల రంగు నిలుస్తుంది, గరుకుతనం తగ్గుతుంది. నగరపు వెలుతురు నెబ్యులాలను మింగేసినంతగా చుక్కలను మింగలేదు కాబట్టి ఇంటి మేడ చాలు.

అసలు కష్టం ఫోకస్ దగ్గరే. టెలిస్కోప్ మూతికి బహ్తినోవ్ మాస్క్ తొడిగి సిరియస్ వైపు తిప్పితే, వెలుగు మూడు గీతలుగా చీలుతుంది. ఇంటూ గుర్తులా దాటుకునే రెండింటికీ సరిగ్గా మధ్యన మూడోది నిలవాలి. రాత్రి చల్లబడేకొద్దీ గొట్టం కుంచించుకుని ఫోకస్ జరుగుతుంది, మళ్లీ చూసుకోవాలి. టెలిస్కోప్‌ను మోసే మౌంట్‌ను ధ్రువ నక్షత్రానికి గురిపెట్టి సరిచూసుకోవాలి, కానీ అది మనకు 17 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది. పక్కింటి వాటర్ ట్యాంకు అడ్డమైతే, ఏదో ఒక చుక్క ఎటు జారుతోందో గమనిస్తూ మౌంట్‌ను సరిదిద్దుకోవడమే. ఇక, ఫొటోలో చుక్కల చుట్టూ మెరుపు గీతల కోసం లెన్సు ముందు దారాలు కట్టేవాళ్లున్నారు. మంచి ముఖానికి అతిగా పౌడరు అద్దినట్టుంటుంది!

ఫొటోలో పక్కపక్కన కనిపించినంత మాత్రాన అన్నీ ఒక కుటుంబం కావు. అది తేలాలంటే ఏళ్ల తరబడి వాటి కదలికలు చూడాలి, కలిసి పుట్టినవి కలిసే నడుస్తాయి. ఈ పనిలో హైదరాబాదుకు వాటా ఉంది. పారిస్‌లో 1887లో మొదలైన అంతర్జాతీయ ఆకాశ చిత్రణలో, దక్షిణ ఖగోళంలో 17 నుంచి 23 డిగ్రీల మధ్య పట్టీ చివరికి నిజామియా వేధశాలకు వచ్చింది. 8 అంగుళాల లెన్సుతో గాజు పలకల మీద తీసి, ఒక్కో చుక్క స్థానాన్నీ కొలిచారు. ఎం41 ఆ పట్టీలోదే. ఆ కొలతలను ఉపగ్రహపు కొలతలతో పోల్చి, 25 లక్షల నక్షత్రాల కదలికలతో 2000లో వెలువరించిన టైకో-2 పట్టికలో నిజామియా గాజు పలకల లెక్కలూ చేరాయి.