గుమ్మటం కింద పుట్టగొడుగులు

మొన్న ఆదివారం మా ఊళ్లో కొత్తగా కట్టిన ఆడిటోరియంలో వీణ కచేరీకి వెళ్లాను. వాయించిన అమ్మాయి చేతిలో లోపం లేదు. అయినా పదో వరుసలో ఉన్న నాకు గమకాలు ఒకదానిమీద ఒకటి పడి ముద్దయిపోయాయి. తనియావర్తనంలో మృదంగం దెబ్బలు విడివిడిగా వినపడనే లేదు. కడుపు మండి, మీకందరికీ కంఠతా వచ్చిన నా పాత మాటే మళ్లీ రాయడానికి కూర్చున్నాను: పాత హాళ్లు కట్టినవాళ్లకు చెవులుండేవి, ఇప్పటివాళ్లకు సీట్ల లెక్కే తెలుసు అని.

రెండు వాక్యాలు రాసేసరికి లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్ గుర్తొచ్చి కలం ఆగిపోయింది.

కిందటేడు అక్కడికి వెళ్లింది క్రీమ్ అనే పాత రాక్ బ్యాండ్ మీది ఇష్టంతో. ఎరిక్ క్లాప్టన్, జాక్ బ్రూస్, జింజర్ బేకర్, ముగ్గురే మనుషులు. విశాఖలో చదువుకునే రోజుల్లో మా గదిలో వాళ్ల క్యాసెట్ ఒకటి ఉండేది. టేపు సాగిపోయేదాకా విన్నాం. 1968 నవంబర్ 26న ఆ బ్యాండ్ వీడ్కోలు కచేరీలు రెండూ ఆ హాల్లోనే జరిగాయి. ఎర్ర కుర్చీల మధ్య నిలబడి ఆ వేదికను చూస్తుంటే గొంతు పట్టేసింది. అంత గొప్ప వాద్యం మోగిన చోటు కాబట్టి ఆ గోడలు కూడా అంత గొప్పవేనని అన్నేళ్లూ నమ్మాను.

తలెత్తితే గుమ్మటం కింద పెద్ద పెద్ద ఫైబర్‌గ్లాస్ పళ్లేలు వేలాడుతున్నాయి. వాటిని అక్కడివాళ్లు పుట్టగొడుగులంటారు. ఇప్పుడు 85 ఉన్నాయి. ఇంత అందమైన కప్పును ఎందుకు పాడుచేశారని మనసు చివుక్కుమంది.

గోల్కొండ ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొట్టినవాళ్లకు కారణం వెంటనే తెలుస్తుంది. అక్కడి గుమ్మటం శబ్దాన్ని చెదరనివ్వకుండా కూడగట్టి పంపుతుంది. ఆ చప్పట్లు పైన బాలాహిస్సార్ దాకా వినపడతాయి. కోటకు కావలసింది అదే. సంగీతానికి అదే గండం. ఆల్బర్ట్ హాల్ గుమ్మటం 135 అడుగుల ఎత్తు. స్వరం అంత పైకి వెళ్లి తిరిగి రావడానికి దాదాపు పావు సెకను పడుతుంది. ఈలోగా వాయించేవాడు తర్వాతి స్వరంలో ఉంటాడు. 1871 మార్చి 29న, ప్రారంభోత్సవం రోజునే, ప్రతిధ్వని ఇబ్బంది పెట్టింది. హాలును రూపొందించింది సైన్యపు ఇంజినీర్లు. కప్పు కింద గుడ్డ కట్టారు. 1949లో అల్యూమినియం పలకలు బిగించారు. అయినా వదల్లేదు. చివరికి 1969లో ఈ పళ్లేలు వేలాడదీశాకే దారికొచ్చింది.

అంటే క్రీమ్ వీడ్కోలు రాత్రికి అవి లేవు. మా గదిలో టేపు అరగదీస్తూ మేం విన్నది వాద్యాల దగ్గర పెట్టిన మైకులు పట్టుకున్న శబ్దం. పై వరుసల్లో కూర్చున్నవాళ్ల దాకా బేకర్ డ్రమ్ముల సోలో ఆ ప్రతిధ్వని నీడతోనే చేరి ఉండాలి. 2005 మేలో ఆ ముగ్గురూ అదే హాలుకు తిరిగొచ్చి నాలుగు రాత్రులు వాయించారు. ఈసారి పుట్టగొడుగుల కింద. 2019 అక్టోబర్‌లో ఆర్కెస్ట్రా ఎదురుగా కూర్చుని వాయిస్తుండగా మన ‘బాహుబలి’ని ఆడించిందీ వాటి కిందే.

తొంభై ఎనిమిదేళ్లు పట్టింది, ఒక పాత హాలుకు చెవులు రావడానికి. అవి కట్టినవాళ్లు ఇచ్చినవి కావు. లోపం ఉందని ఒప్పుకొని, గుడ్డ నుంచి పళ్లేల దాకా ఒక్కొక్కటే వేలాడదీసి విన్నవాళ్లు ఇచ్చినవి. రాసిన రెండు వాక్యాలూ కొట్టేశాను.

నిన్న మళ్లీ ఆ ఆడిటోరియానికి వెళ్లాను. ఖాళీ హాల్లో వేదిక మీద నిలబడి ఒక్క చప్పట కొట్టాను. వెనక గోడ దాన్ని అలాగే తిప్పి పంపింది. అక్కడి కార్యదర్శి కూడా పైకెక్కి కొట్టి చూశారు. మళ్లీ కొట్టారు. ‘‘మందపాటి తెరలు కడితే తగ్గుతుందా అండీ?’’ అని అడిగారు. ముందు వెనక గోడకు కట్టి చూద్దామన్నాను. కట్టిన రోజు ఆ వీణ అమ్మాయిని ఓ మధ్యాహ్నం రమ్మని పిలుస్తామన్నారు. నేను పదో వరుసలోనే కూర్చుంటాను.