మీగడ మునగని కాఫీ

ఐఐటీ దిల్లీని ఆనుకున్న జియా సరాయ్ సందుల్లో గేట్, ఇంజినీరింగ్ సర్వీసెస్‌లకు చదివే తెలుగు పిల్లలు కనిపిస్తూనే ఉంటారు. వాళ్ల రాత్రులు గడిచేది చాయ్ మీదే. ఐరిష్ కాఫీ ఆ సందుల సరుకు కాదు. అయినా దాన్ని కలిపేవాడి పనితనం వాళ్లకే బాగా అర్థమవుతుంది. అందులో ఉన్నదంతా వాళ్లు చదివే ఫ్లూయిడ్ మెకానిక్సే మరి!

ముందు గ్లాసును వేడినీళ్లతో వెచ్చబరచాలి. చిక్కటి డికాక్షన్‌లో చక్కెర పూర్తిగా కరగాలి, ఆపై విస్కీ. ఆల్కహాల్ నీటికన్నా తేలిక కాబట్టి విస్కీ పడగానే కాఫీ సాంద్రత తగ్గుతుంది. దాన్ని మళ్లీ పెంచేది చక్కెరే. తీపి వద్దనేవాళ్ల గ్లాసులో మీగడ మునగడం అందుకే. ఆ మీగడను జారుగా ఉండేంతవరకే గిలక్కొట్టి, చెంచా వీపు మీదుగా మెల్లగా వదలాలి. ఇక కలపకూడదు. చల్లని మీగడలోంచి వేడి కాఫీ తాగాలి.

1940లలో ఐర్లండ్‌లోని ఫోయిన్స్‌లో, నీటి మీద దిగే విమానాల ప్రయాణికులకు జో షెరిడన్ అనే వంటవాడు దీన్ని అందించాడు. 1952లో శాన్ ఫ్రాన్సిస్కోలోని బ్యూనా విస్టా కేఫ్‌వాళ్లు దీన్ని చేయబోతే మీగడ మునుగుతూనే వచ్చిందట. రెండు రోజులు నిలవ ఉంచిన మీగడ తేలింది.

ఇటలీవాళ్లది ఇంత శ్రమ లేని పద్ధతి: ఎస్ప్రెస్సోలో కాస్త గ్రాపా అనే మద్యం పోసి ‘కొర్రెత్తో’ అంటారు. బాగుంటుంది, కానీ అందులో చేతి నేర్పు తక్కువ.

డబ్బా నొక్కి నురగ పెట్టి ఐరిష్ కాఫీ అని ఇచ్చేవాళ్లకు మాత్రం డబ్బు చెల్లించకండి.