మిగిలింది గుర్తుంటే చాలు

తెలుగు క్లాసులో గణవిభజన చేసినవాళ్లందరికీ ఆ పెన్సిల్ గుర్తులు తెలుసు. లఘువు మీద నిలువు గీత, గురువు మీద గిన్నెలాంటి గుర్తు. ఈ కాలమ్ రాసేవాడు పదో తరగతి దాకా ఆ గీతలు గీసి మార్కులు తెచ్చుకుని, ఆ తర్వాత హాయిగా మరిచిపోయాడు. ఇంజినీరింగ్‌లో ఫైనైట్ ఆటోమేటా పేపరు వచ్చింది. సున్నలు చుట్టి, వాటి మధ్య బాణాలు గీసి, అందులోనూ గట్టెక్కాడు. రెండూ ఒకే విద్య అని తట్టడానికి మాత్రం మరో ఇరవై ఏళ్లు పట్టింది.

ఆటవెలదిలో రెండో పాదం, నాలుగో పాదం చూడండి. వరసగా ఐదు సూర్యగణాలుండాలి. సూర్యగణమంటే మూడు లఘువుల నగణమైనా కావాలి, గురువు వెంట లఘువు వచ్చే హగణమైనా కావాలి. గుర్తులు ఒక్కొక్కటే చూసుకుంటూ, వెనక్కి తిరగకుండా, కాగితం మీద ఏమీ రాసుకోకుండా పాదం సరిపోయిందో లేదో చెప్పాలి. ఆటోమేటన్ చేసే పని ఇదే. దానికున్న జ్ఞాపకమల్లా ఇప్పుడు తను ఏ సున్నలో నిలబడి ఉందన్నదొక్కటే.

మొదటి గణానికి బొమ్మ వేద్దాం. బయల్దేరే సున్న ఒకటి. గురువు వస్తే ఒక సున్నకి, లఘువు వస్తే మరో సున్నకి వెళ్లాలి. ఆ లఘువు మీద ఇంకో లఘువు వస్తే ఇంకో సున్నకి. ఇక్కడ కాస్త ఆగాలి. గురువును చూసి వచ్చిన సున్నలో నిలబడినా, రెండు లఘువులు చూసి వచ్చిన సున్నలో నిలబడినా, గణం పూర్తి కావడానికి కావలసింది ఒకే ఒక్క లఘువు. వచ్చిన దారులు వేరు, పోవలసిన దారి ఒకటే. అలాంటప్పుడు రెండు సున్నలెందుకు? ఒకటి చెరిపెయ్యొచ్చు. అలా గణానికి మూడు చొప్పున 15, పాదం పూర్తయిందని చెప్పే సున్న ఒకటి, తప్పు దొర్లితే పడెయ్యడానికి ఇంకొకటి. మొత్తం 17. అలాంటి పాదంలో సాధ్యమయ్యే లఘుగురు వరసలు 32 ఉన్నా, అన్నిటికీ ఈ 17 చాలు. అంతకన్నా తగ్గించడం ఎవరి వల్లా కాదు.

ఎవరి వల్లా కాదని ఇంత ధీమాగా చెప్పగలగడం 1950ల చివర జాన్ మైహిల్, అనిల్ నెరోడ్ చలవ. గతం ఎలా గడిచినా ముందు జరగాల్సింది ఒకటే అయితే ఆ రెండు సున్నలూ ఒకటేనని వాళ్ల సిద్ధాంతం. పరీక్షలకు దాన్ని అయిదు మార్కుల ప్రశ్నగా బట్టీ పట్టిస్తారు. ఈ కాలమిస్టు లెక్కలో ఆ పేపరు మొత్తానికి ప్రాణం అదే.

అసలు కథ మెదడుతో మొదలైంది. నాడీకణాలను తర్కంలోకి దించుతూ 1943లో మెక్‌కలక్, పిట్స్ ఒక నమూనా రాశారు. అలాంటి వలలు ఏయే వరసలను గుర్తుపట్టగలవో 1951 వేసవిలో రాండ్ సంస్థలో కూర్చుని తేల్చినవాడు గణితవేత్త స్టీఫెన్ క్లేనీ. ఒకదాని వెంట ఒకటి, ఇదో అదో, ఎన్నిసార్లయినా: ఈ మూడు కలుపులతో కట్టగలిగేవే అవి గుర్తుపడతాయి. వాటికి ‘రెగ్యులర్’ అని పేరు పెడుతూనే, ఇంతకన్నా అర్థవంతమైన పేరు తడితే చెప్పమని కూడా రాశాడు. ఎవరూ చెప్పినట్టు లేదు, అదే పేరు నిలిచిపోయింది. 1959లో రాబిన్, స్కాట్ ఒకేసారి అనేక సున్నల్లో నిలబడే యంత్రాన్ని ఊహించి, దాన్ని ఒకే సున్నలో నిలబడే మామూలు యంత్రంగా మార్చే ఉపాయం చూపించారు. 1976 ట్యూరింగ్ అవార్డు వాళ్లకు ఆ పరిశోధన పత్రానికే వచ్చింది. ఆ ఆలోచనతోనే 1968లో కెన్ థాంప్సన్ టెక్స్ట్‌లో వెతికే ప్రోగ్రామ్ కట్టాడు. అక్షరాన్ని ఒకసారే చూస్తుంది, నిలబడగలిగిన సున్నలన్నిటిలోనూ ఒకేసారి నిలబడుతుంది.

అయితే తర్వాత వచ్చిన చాలా ప్రోగ్రామింగ్ భాషలు ఈ దారి వదిలేశాయి. ఒక దారి పట్టి వెళ్లడం, కుదరకపోతే వెనక్కొచ్చి ఇంకో దారి పట్టడం. కొన్ని సౌకర్యాల కోసం ఒప్పుకున్న బేరం ఇది.

ఆ బేరానికి మూల్యంగా 2016 జులై 20న ప్రోగ్రామర్ల ప్రశ్నోత్తరాల సైటు స్టాక్ ఓవర్‌ఫ్లో 34 నిమిషాల పాటు పడిపోయింది. వరసకు అటూ ఇటూ ఉన్న ఖాళీలను కత్తిరించడానికి క్లేనీ కలుపులతో రాసిన చిన్న సూత్రం, అంటే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్, దానికి కారణం. ఒకరు పెట్టిన పోస్టులో, వరస మధ్యలో, దాదాపు 20,000 ఖాళీలున్నాయి. ప్రోగ్రామ్ మొదటి ఖాళీ దగ్గర మొదలుపెట్టి చివరిదాకా వెళ్లింది, వరస అక్కడ ముగియలేదని వెనక్కొచ్చింది, రెండో ఖాళీ నుంచి మళ్లీ బయల్దేరింది. అలా సుమారు 20 కోట్ల అడుగులు. ‘ఖాళీలో ఉన్నాను’, ‘ఖాళీలో లేను’ అనే రెండు సున్నలతో ఇదే సంగతి 20,000 అడుగుల్లో తేలిపోయేది. విశేషమేమిటంటే, కత్తిరించాల్సిన గుర్తుల్లో మామూలు ఖాళీతో పాటు ‘జీరో విడ్త్ నాన్ జాయినర్’ కూడా ఉంది. తెలుగులో ‘సాఫ్ట్‌వేర్’ అని టైపు చేసేటప్పుడు వ కూడా ఒత్తుగా మారిపోకుండా అడ్డం పెట్టే, కంటికి కనిపించని గుర్తు అదే. పాపం, ఆ రోజు తప్పు దానిది కాదు.

ఈ సున్నలకు చేతకానివీ ఉన్నాయి. వికటకవి లాగా ఎటు చదివినా ఒకేలా ఉండే మాటను, పొడవుకు హద్దు లేకుండా, ఏ ఫైనైట్ ఆటోమేటనూ పట్టలేదు. మొదటి సగమంతా గుర్తుంచుకోవాలి కదా, మాట ఎంత పెరిగితే జ్ఞాపకం అంత పెరగాలి. సరే, ఆ పని మామూలు ప్రోగ్రామ్‌తోనే చేద్దామని ఈ కాలమ్ రాసేవాడు ఒక సాయంత్రం కూర్చున్నాడు. మాటను తిరగేసి పోల్చితే సరి. తిరగేస్తే తెర మీద ‘ివకటకివ’ వచ్చింది! కంప్యూటర్‌కి ‘వి’ ఒక అక్షరం కాదు, వ ఒకటి, గుడి ఒకటి. తిరగబడేసరికి హల్లు లేని గుడి ముందుకొచ్చి చుక్కల సున్న మీద కూర్చుంది.

ముందు మాటను అక్షరాలుగా కోయాలి. హల్లు, ఉంటే దాని ఒత్తులు, ఆపైన గుణింతం, అనుస్వారం. కోత మటుకు చక్కగా రెగ్యులరే, నాలుగైదు సున్నల పని. అది రాసి, మళ్లీ తిరగేస్తే ‘వికటకవి’ అనే వచ్చింది. ఇంతకీ ప్రోగ్రామ్ తిరగేసిందా, ఇచ్చింది ఇచ్చినట్టే వాపసు చేసిందా? చూసి చెప్పే వీల్లేదు. ‘రామలింగడు’ అని కొట్టి చూస్తే అప్పుడు వచ్చింది, ‘డుగలింమరా’ అని.