దిలీప్ రహమానయ్యాడు, నాగూర్ బాబు మనో అయ్యాడు

సినిమాలోకి రావాలంటే పేరు మార్చుకోవాలన్నది మన దేశంలో పాత రివాజు. 1944లో 'జ్వార్ భాటా'తో తెర మీదికొచ్చిన యూసుఫ్ ఖాన్ దిలీప్ కుమార్ అయ్యాడు. నలభై ఏళ్లు దాటాక మద్రాసులో ఒక దిలీప్ కుమార్ రహమాన్ అయ్యాడు. మొదటివాడు తన పేరు బయటపెట్టి లోపలికి వచ్చాడు. రెండోవాడు కొత్తగా తెచ్చుకున్న పేరును నెత్తిన పెట్టుకుని వచ్చాడు. ఈ మధ్యలోనే మన సత్తెనపల్లి నాగూర్ బాబు మనో అయ్యాడు. ఇళయరాజా పెట్టిన పేరు అది. ఎవరు ఏ పేరుతో పాడితే ఏమిటి, పాట బాగుంటే చాలదా అనేవాళ్లున్నారు. చాలదు. పేరు అడిగాకే ఇల్లు అద్దెకిచ్చే ఊళ్లలో బతికేవాళ్లకు పేరంటే ఏమిటో తెలుసు.

నేను రహమాన్ అభిమానిని. 'రోజా' క్యాసెట్ అరిగిపోయేదాకా విన్న తరం నాది. అయితే అభిమానం వేరు, భజన వేరు. నాకు ఎంతో ఇష్టమైన కొన్ని పాటల్ని ముందు పెట్టుకుని ఒక ప్రశ్న అడగదలుచుకున్నాను. ఇంత గొప్ప పాటల్లో మనం ఎక్కడున్నాం? మనం అంటే ఇంట్లో సగం ఉర్దూ, సగం తెలుగు మాట్లాడే తెలుగు ముస్లింలం. ఉర్దూ ముక్క రాకుండా తెలుగులోనే ఏడ్చి తెలుగులోనే నవ్వే దూదేకులవాళ్లం.

ముందు ఒక సంగతి గుర్తు చేయాలి. రహమాన్ తెలుగుకు డబ్బింగుతో వచ్చిన చుట్టం కాదు. 1967లో మద్రాసులో పుట్టాడు. తండ్రి ఆర్.కె. శేఖర్ సంగీతజ్ఞుడు. ఆయన పోయేటప్పటికి పిల్లవాడికి తొమ్మిదేళ్లు. ఇల్లు గడవడానికి చిన్నతనంలోనే కీబోర్డు వాయించడానికి పోయాడు. అలా వాయించిన వాళ్లలో మన రమేష్ నాయుడున్నాడు, రాజ్-కోటి ఉన్నారు. అంటే 'రోజా'కు ముందే తెలుగు పాటల్లో అతని వేళ్లున్నాయి, పేరు మాత్రం లేదు. ఇంకోపక్క మద్రాసు కుర్రాళ్లతో కలిసి 'రూట్స్', 'నెమిసిస్ అవెన్యూ' లాంటి రాక్ బృందాల్లో వాయించేవాడు. అతని పాటలో రాక్ ఎలా వచ్చిందని ఆశ్చర్యపడేవాళ్లు ఈ సంగతి మరిచిపోతారు. రాక్ అంటే గిటారు మోత ఒక్కటే కాదు. గొంతు సాఫీగా ఉండాలన్న నియమాన్ని కాదనడం, లోపలున్నదాన్ని అరుపైనా సరే బయటికి రానివ్వడం. ఆ గుణం అతని దగ్గర ఎక్కువగా దేవుణ్ని పిలిచేటప్పుడు కనబడుతుంది. ఇది నాకు ఎంతో నచ్చే విషయం.

ఇక పాటలు.

మొదటిది 'రోజా'లో జెండా పాట. 1992లో తమిళంలో వచ్చిన ఈ సినిమాకు తెలుగులో రాజశ్రీ పాటలు రాశారు. ఈ పాటను తమిళంలో హరిహరన్ పాడితే, తెలుగులో మనో పాడాడు. కథ అందరికీ తెలిసిందే. కాశ్మీరు మిలిటెంట్లు జెండాకు నిప్పు పెడతారు. కట్టేసి ఉన్న హీరో మంటల మీద పడతాడు. అదే సమయంలో మిలిటెంట్ల నాయకుడు నమాజు చేస్తుంటాడు. ఒక పక్క కాలే జెండా, ఒక పక్క సజ్దా. ఈ రెంటినీ అటూ ఇటూ కత్తిరించి చూపించడంలో ఏం చెప్పదలుచుకున్నారో అర్థం కానివాళ్లెవరూ లేరు. ఈ సినిమా ఎవరి దేశాన్ని చూపిస్తోందని తేజస్విని నిరంజన 1994లో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో రాస్తే పెద్ద చర్చే జరిగింది. ఆ చర్చలో ఎక్కువ మాటలు బొమ్మ గురించే. నేను పాట గురించి అడుగుతున్నాను. ఆ వరస కట్టినవాడు అయిదు పూటల నమాజును కొత్తగా నేర్చుకున్నవాడు. తెలుగులో పాడినవాడు గుంటూరు జిల్లా ముస్లిం. థియేటర్లో చప్పట్లు కొట్టిన జనానికి ఈ రెండో సంగతి తెలియదు, ఎందుకంటే టైటిల్లో పడింది మనో. నాగూర్ బాబు అని పడి ఉంటే? దేశం మీద ప్రేమ అంత గట్టిగా పాడుతున్న గొంతు ఎవరిదో తెలిసి ఉంటే, తెర మీది నమాజు కొంచెమైనా వేరుగా కనబడేది కాదా? ఇది పేరు వల్ల జరిగిన నష్టం. ఇప్పటికీ ఆ పాట వస్తే నేను ఆపను. కళ్లు మూసుకుని వింటాను. బొమ్మ లేని ఆ పాటలో ఎవరి మీదా నేరం లేదు.

రెండోది 'బొంబాయి'. బాబ్రీ మసీదు కూల్చాక 1992 డిసెంబరులోనూ 1993 జనవరిలోనూ బొంబాయి తగలబడింది. 1995లో ఈ సినిమా వచ్చింది. తెలుగు పాటలు వేటూరి రాశారు. హిందూ అబ్బాయి, ముస్లిం అమ్మాయి. దర్శకుడి మీద మనకు తగువులున్నాయి. ప్రేమించి ఇల్లు వదిలి రావలసింది మన ఆడపిల్లే ఎందుకవుతుందన్న తగువు వాటిలో ఒకటి. కానీ పెళ్లింట్లో షైలా బాను పాటను వినండి. చిత్ర గొంతు వెనక ఆడవాళ్ల గుంపు, డోలకు, చప్పట్లు. తెర మీద మన ఇల్లు ఎప్పుడొచ్చినా కత్తులు, బిర్యానీ, పాన్ మరకలే చూపించే పరిశ్రమకు, మన ఇంట్లో కూడా పెళ్లిసందడి ఉంటుందని, పరదా వెనక ఆడపిల్ల కూడా దొంగచూపు చూస్తుందని ఆ పాట చెప్పింది. అదే సినిమాలో మాటలు లేని వేణువు ఒకటుంది. నవీన్ కుమార్ వాయించింది. అల్లర్లలో చనిపోయినవాళ్ల పేరు అడగని సంగీతం అది. ఆ కాలంలో ఈ ఇతివృత్తం మీద వచ్చిన ఉపన్యాసాలన్నిటికన్నా నాకు ఆ వేణువు ఎక్కువ నిజం.

మూడోది 'ప్రేమికుడు'లో 'ముక్కాలా ముకాబలా'. 1994 నాటిది. మళ్లీ మనోనే, స్వర్ణలతతో. నవ్వకండి. ఇది నాకు ఎందుకిష్టమో చెబుతాను. ముకాబలా మన మాట. పోటీ, ఎదురునిలవడం. లైలా అరబ్బు ఎడారి నుంచి పారశీకం మీదుగా మన దాకా నడిచొచ్చిన పిల్ల. 1949లోనే భానుమతి, నాగేశ్వరరావు 'లైలా మజ్ను'గా తెలుగు మాట్లాడారు. ఈ రెండు మాటల్నీ పట్టుకుని, కౌబాయ్ టోపీ పెట్టి, ప్రభుదేవా చేత ఎముకలు లేనట్టు ఆడిస్తే ఊరూరా పిల్లలు పాడారు. అది ఎవరి మాట అని ఒక్కరూ అడగలేదు. భాషలు కలవడానికి జాతీయ సమైక్యతా ఉత్సవాలు అక్కర్లేదు. బజారు చాలు. పాట చివర హీరోకు తల, చేతులు మాయమై బట్టలు మాత్రమే ఆడతాయి. మన సంగతీ అంతే. మన మాటలు, మన వరసలు, మన బిర్యానీ అన్నీ తెర మీద ఆడతాయి. మనిషి మాత్రం కనబడడు.

నాలుగోది 'మా తుఝే సలాం'. స్వాతంత్ర్యం వచ్చి యాభై ఏళ్లయిన 1997లో వచ్చిన 'వందేమాతరం' ఆల్బంలోది. మాటలు మహబూబ్‌వి. వందేమాతరం పాడతావా పాడవా అని మన గొంతు మీద కత్తి పెట్టి అడిగిన సందర్భాలు మనందరికీ తెలుసు. జవాబు అవుననో కాదనో ఉండాలి, మూడోది ఉండకూడదు. రహమాన్ మూడోది చెప్పాడు. తల్లికి సలాం చేశాడు. మన ఇళ్లలో అమ్మీకి రోజూ చేసే పనే అది. వంగి మొక్కడానికీ, ఎదురుగా నిలబడి ప్రేమగా పలకరించడానికీ ఉన్న తేడాను ఒక్క మాటలో పెట్టాడు. ఆ పాటలో గొంతు నునుపుగా ఉండదు. పై స్థాయికి పోయి చీలిపోయే అంచున నిలబడుతుంది. రాక్ బృందాల్లో వాయించిన కుర్రవాడు అక్కడ బయటపడతాడు. దేశభక్తి పాటల్లో ఉండే బ్యాండుమేళపు కవాతు ఇందులో లేదు. పొలం గట్టు మీద నిలబడి అరిచే పిలుపుంది. అయితే ఒక మాట. ఈ పాటను చూపించి, చూశారా రహమాన్ ఎంత మంచి ముస్లిమో, మీరూ అలా ఉండండి అని పాఠం చెప్పేవాళ్లు తయారయ్యారు. ప్రేమతో చేసిన సలాంను హాజరుపట్టీలో సంతకం చేస్తే ఎలా? ఆస్కార్ వస్తే మనవాడు, ఏదైనా మాట అంటే మీవాడు. ఈ 'మన', 'మీ'ల మధ్య దూరం ఎంతో మాకు బాగా తెలుసు.

అయిదూ ఆరూ కలిపి చెబుతాను. 'జోధా అక్బర్' 2008లో, 'రాక్‌స్టార్' 2011లో వచ్చాయి. మొదటిదాంట్లో అజ్మీరు ఖ్వాజా మీద పాటను రహమాన్ తనే పాడాడు. రెండోదాంట్లో నిజాముద్దీన్ దర్గాలో 'కున్ ఫాయా కున్'. అది ఖురాన్ మాట. అయిపో అంటే అయిపోతుందని. ఇల్లు తరిమేసిన ఒక గిటారు కుర్రవాడు దర్గా చాపల మీద కూర్చుని, ఖవ్వాలీ వాళ్ల వెనక మెల్లగా గొంతు కలుపుతాడు. రాకూ జిక్రూ ఒకే చోట కూర్చోగలవని ఈ పాట చూపిస్తుంది. రహమాన్ ఇక్కడ వాయిద్యాలు తగ్గిస్తాడు. హార్మోనియం, చప్పట్లు, గిటారు తీగ మీద చిన్న గీత. గొంతు తనను తాను తక్కువ చేసుకుంటూ పోతుంది. నమాజులో నుదురు నేలకు తగిలినప్పటి నిశ్శబ్దాన్ని పాటలోకి తెచ్చిన సినిమా సంగీతం నేను ఇంకెక్కడా వినలేదు.

ఈ పాటల మీద మనవైపు నుంచీ అభ్యంతరాలున్నాయి. సంగీతమే హరాం అనేవాళ్లు, దర్గాకు పోవడం షిర్క్ అనేవాళ్లు మన మొహల్లాలోనే ఉన్నారు. వాళ్లతో నాకు పేచీ ఉంది, అది మన ఇంటి పేచీ. అటువైపు చూస్తే మరో ఇబ్బంది. సినిమావాళ్లకు ఇప్పుడు ముస్లిం అంటే రెండే గదులు. ఒకటి బాంబులది, రెండోది దర్గాది. దర్గాలో తెల్లటోపీ, ఆకుపచ్చ చాదర్, తిరిగే దర్వేషులు. సైకిల్ షాపు సలీం, బీడీలు చుట్టే బూబమ్మ, నీళ్ల కోసం కుళాయి దగ్గర కొట్లాడే మన ఖాలా, వీళ్లకు ఏ గదీ లేదు. సూఫీ పాట వేషమైపోయింది. ఇది రహమాన్ తప్పు కాదు. అతనికి అది వేషం కాదు, ఊపిరి. అతని వెనక వరస కట్టినవాళ్లకు అది సరుకు.

ఫిలింనగర్ సంగతి మరీ చిత్రం. గుట్ట మీద స్టూడియోలు, డబ్బింగ్ థియేటర్లు. గుట్ట దిగితే షేక్‌పేట, కుతుబ్‌షాహీల నాటి సరాయి. ఇంకొంచెం పోతే హుస్సేన్ సాగర్‌కు తన పేరిచ్చాడని చెప్పుకునే హుస్సేన్ షా వలీ దర్గా. ఖవ్వాలీ పాట కావాలంటే సెట్టు వేస్తారు కానీ గుట్ట దిగరు. రహమాన్‌తోనూ ఇంతే. 1994లో సురేష్ ప్రొడక్షన్స్ 'సూపర్ పోలీస్', తరువాత 'గ్యాంగ్ మాస్టర్'. అవి ఆడలేదు. నేరు తెలుగు సినిమాల్లో అతనికి కలిసిరాదని పరిశ్రమ తేల్చేసింది. ఆ తరువాత 2004లో 'నాని' దాకా ఆగాల్సి వచ్చింది. 2010లో 'ఏ మాయ చేసావే' వచ్చాక గానీ ఆ మాట పోలేదు. ఆ పాటలు, అనంత శ్రీరామ్ మాటలు నాకూ ఇష్టమే. అందులోనూ మతమే అడ్డం. అబ్బాయి హిందువు, అమ్మాయి క్రైస్తవురాలు. తెలుగు ముస్లిం అమ్మాయి ఇంటి గుమ్మం దాకా ఆ సంగీతం రావడానికి ఇంకెన్నేళ్లు పడుతుందో.

రహమాన్ మాత్రం తెలుగు నేలకు వస్తూనే ఉన్నాడు. కడప అమీన్ పీర్ దర్గా ఉరుసుకు వచ్చి సామాన్యుల మధ్య కూర్చుంటాడు. 2024 నవంబరులో అతని పిలుపు మీద రామ్‌చరణ్ అక్కడి ముషాయిరాకు వచ్చాడు. అయ్యప్ప మాలలో ఉన్నాడు. దాని మీద ఎంత గొడవ! ఆయన భార్య సమాధానం చెప్పుకోవాల్సి వచ్చింది. మాలలో ఉండి దర్గాకు పోవచ్చా అని అడిగినవాళ్లకు ఎరుమేలి తెలియదా? శబరిమల పోయే స్వాములు వావరు మసీదులో ఆగి పోవడం తెలియదా? అదే కడపలో దేవుని కడప గుడికి ఉగాది నాడు ముస్లింలు వెళ్లడం, బీబీ నాంచారి తమ ఆడపడుచని చెప్పుకోవడం తెలియదా? తెలుసు. తెలిసినదాన్ని మరిపించడమే ఇప్పటి రాజకీయం. పాట ఈ పనికి అడ్డం వస్తుంది. అందుకే పాట మీద కోపం.

2009లో ఆస్కార్ వేదిక మీద రహమాన్ తమిళంలో దేవుడికి స్తుతి చెప్పాడు. అల్‌హమ్దులిల్లా అన్నదాన్నే తన తల్లిభాషలో అన్నాడు. అరబ్బీలో అనలేదని అతని దీన్ తగ్గలేదు, తమిళంలో అన్నాడని తమిళతనం పెరగలేదు. రెండూ ముందునుంచే అతనివి. అతని పాటలన్నిటిలోకీ నాకు ఇష్టమైనది ఆ ఒక్క మాటే. అక్కడ వాయిద్యం లేదు.

మనకు కావలసింది అదే, తెలుగులో. రహమాన్ సూఫీ పాటలు ఎక్కువగా హిందీలో, ఉర్దూలో ఉన్నాయి. తెలుగులో అల్లాను పిలవడం మనకు కొత్తేం కాదు. పీర్ల పండుగకు అలావా చుట్టూ అసోయ్ దూలా ఆడే తెలంగాణ పల్లెల్ని అడగండి. అనంతపురం జిల్లా గూగూడులో కుళ్లాయప్పను మొక్కే జనాన్ని అడగండి. మాటలున్నాయి, దరువుంది, పాడేవాళ్లున్నారు. ఆ పాటను ఎవరో వచ్చి డబ్బింగు చేసి పెడతారని కూర్చుంటే కాదు. మన పిల్లలు కీబోర్డు పట్టాలి, గిటారు పట్టాలి, మన నానీలు పాడిన పాటలు రికార్డు చేయాలి. గుట్ట ఎక్కి ఫిలింనగర్ తలుపు తట్టాలి. టైటిల్లో తమ పేరు తామే రాయించుకోవాలి. రేపు పాడబోయే మన నాగూర్ బాబు నాగూర్ బాబుగానే పాడాలి.