పాజ్ నొక్కితే తెలిసే ఫుజికో

మా బావమరిది డాలస్ నుంచి వస్తూ తెచ్చిన బ్లూరే సెట్టు నాలుగు నెలల పాటు మా టీవీ కింది అరలో, ఎవరూ తినని స్వీట్ బాక్సులా పడి ఉంది. బ్లూరే లెక్కలో అమెరికా, జపాన్ 'ఏ' జోన్, మనం 'సి'. డిస్కు పెట్టిన ప్రతిసారీ మా ప్లేయర్ కాసేపు గిరగిరా తిప్పి నల్ల తెర చూపించేది. చివరికి అన్ని జోన్లవీ ఆడే సెకండ్ హ్యాండ్ ప్లేయర్ ఒకటి సంపాదించి, ఇంటిల్లిపాదీ పెళ్ళికి వెళ్ళిన ఆదివారం చూడ్డం మొదలుపెట్టాను. ఇల్లు ఖాళీ అయ్యేదాకా ఆగడానికి కారణం అట్ట మీది బొమ్మే.

అదొక అనిమే, అంటే జపాన్ యానిమేషన్ సిరీస్. పేరు 'లూపిన్ ది థర్డ్: ది వుమన్ కాల్డ్ ఫుజికో మినె'. 2012 ఏప్రిల్ నుంచి జూన్ దాకా జపాన్ టీవీలో అర్ధరాత్రి దాటాక వచ్చింది. మొత్తం 13 ఎపిసోడ్లు. తుపాకులు, కత్తులు, రైళ్ళు, దొంగతనాలు, వాటి మధ్యలో బట్టలున్న సమయం కంటే లేని సమయమే ఎక్కువనిపించే ఒక దొంగ.

ఇలాంటి దృశ్యాలకు అభిమానుల భాషలో పేరు 'ఫ్యాన్ సర్వీస్'. మన దగ్గర ఫ్యాన్స్ కోసం అంటే హీరో ఎంట్రీ, తొడ కొట్టడం, స్లో మోషన్ నడక. అక్కడ ఆ మాట ఎక్కువగా హీరోయిన్ ఒంటి చుట్టూ తిరుగుతుంది. జపాన్ కొట్లలో 'సర్వీస్' అంటే డబ్బు తీసుకోకుండా అదనంగా ఇచ్చేది. అచ్చంగా మన కొసరు. కూరగాయలామె తూకం అయ్యాక నాలుగు పచ్చిమిరపకాయలు సంచీలో పడేస్తుంది చూడండి, అదే. యాక్షన్ అనిమేని తూచేటప్పుడు నేను అడిగే ప్రశ్న కూడా అక్కడిదే: అసలు తూకం సరిగా ఉండి కొసరు వేశారా, తూకంలో కొట్టేసి కొసరుతో సరిపెట్టారా?

దీనికి జవాబు డిస్కు మీదే దొరుకుతుంది, ఎందుకంటే అక్కడ పాజ్ ఉంది, ఒక్కో ఫ్రేమునూ ముందుకు జరిపే బటన్ ఉంది. సెకనుకు 24 ఫ్రేములు నడుస్తాయి గానీ టీవీ అనిమేలో అన్నిటికీ కొత్త బొమ్మ గీయరు. ఒకే బొమ్మను రెండేసి, మూడేసి ఫ్రేములు నిలబెడతారు. అంటే సెకనుకు 12 బొమ్మలు, లేదా 8. మాట్లాడే సీనులో నోరు తప్ప ఏదీ కదలదు. పాదాల దగ్గర మొదలై జుట్టు దాకా మెల్లగా పాకే ఆ షాటు ఉందే, చూసేవాడికి విందు, నిర్మాతకు పొదుపు. నిలువుగా ఒక్క పొడవాటి బొమ్మ గీసి కెమెరాను దాని మీద జరిపితే చాలు. ఐదారు సెకన్లు గడిచిపోతాయి, బొమ్మ ఒక్కటే. అదే ఒక తన్ను సరిగా తగలాలంటే ఒంటి బరువు ఒక కాలి మీద నుంచి ఇంకో కాలికి మారడం గీయాలి, జుట్టూ చొక్కా అంచూ ఓ క్షణం ఆలస్యంగా వెనకాల రావడం గీయాలి. చేతకాని సిరీస్‌లో ఫైటు దగ్గర పాజ్ నొక్కితే తెల్లటి మెరుపు, నాలుగు గీతలు, మళ్ళీ పాత ముఖం. బొమ్మల డబ్బంతా ఎటు పోయిందో అర్థమైపోతుంది.

ఈ కొసరు అలవాటుకు టీవీ ఎంత కారణమో వీడియో క్యాసెట్టూ అంతే. 1983లో 'డల్లోస్' నేరుగా వీడియోకే విడుదలైంది. ఆ కోవలో మొదటిది అదే. టీవీ నిబంధనలు లేవు, కొనేవాళ్ళకు ఏం కావాలో అదే తీయొచ్చు. 1997లో మొదలైన 'ఏజెంట్ ఐకా' నాటికి కెమెరాను నేల మీద పారేసి తీయడం మర్చిపోయారేమో అనిపించే స్థితి వచ్చింది. మునిగిపోయిన నగరాల్లోంచి వస్తువులు పైకి తెచ్చే కథ అది, మంచి ఊహే. కానీ సముద్రం కంటే స్కర్టు అంచులే ఎక్కువ కనిపిస్తాయి. పది నిమిషాల్లో నాకు ఆవలింత వచ్చింది.

తర్వాత తర్వాత టీవీలో ఆవిరి మేఘాలు, ఎక్కడి నుంచి వచ్చాయో తెలియని వెలుగు చారలు ఒంటికి అడ్డం పెట్టి, డిస్కులో తీసేయడం వ్యాపారమైంది. జపాన్‌లో రెండేసి ఎపిసోడ్ల డిస్కు ఆరేడు వేల యెన్లు ఉండేది. ఆ ధర పెట్టి కొనేవాడికి ఏదో ఒకటి చేతిలో పెట్టాలి కదా!

ఇక ఫుజికో. ఇంటిపేరు 'మినె' అంటే శిఖరం, పేరులో ఫుజి కొండ. 1967లో మంకీ పంచ్ మొదలుపెట్టిన 'లూపిన్' మాంగాలో, అంటే బొమ్మల కథలో, ఆమె దొంగ లూపిన్‌ను ప్రేమించినట్టే ప్రేమించి సొమ్ముతో ఉడాయించే మనిషి. 1971లో టీవీకి వచ్చింది. 1979లో దర్శకుడు మియజాకి తన 'కాసిల్ ఆఫ్ కాగ్లియోస్ట్రో' సినిమాలో ఆమెకు సైనికుల దుస్తులు తొడిగి కొసరు మొత్తం ఎత్తేశాడు. సినిమా గొప్పదే. కానీ ఫుజికోలోని ప్రమాదం కూడా కొంత ఆ బట్టల కింద కప్పబడిపోయింది.

2012లో దర్శకత్వం సయో యమమోతో చేతికొచ్చింది. లూపిన్ సిరీస్‌ను నడిపిన మొదటి మహిళ ఆమే. కథా నిర్మాణం మారి ఒకాడా చేసింది. పాత్రల బొమ్మలు తకేషి కొయికె, అంటే దాదాపు లక్ష బొమ్మలు చేత్తో గీయించి, ఏడేళ్ళు పట్టిన 'రెడ్‌లైన్' దర్శకుడు. ముగ్గురూ కలిసి కొసరు తగ్గించలేదు, పెంచారు. కాకపోతే దాన్ని తూకంలోకి లాగేశారు.

ప్రతి ఎపిసోడూ మొదలయ్యేది పాటతో కాదు. నరుయోషి కికుచి సమకూర్చిన వాయిద్యాల మీద ఒక ఆడగొంతు దొంగతనం గురించీ రహస్యాల గురించీ గుసగుసగా ప్రసంగం చేస్తుంది. తెర మీద నగ్నంగా ఫుజికో. నేను ఇక్కడే పాజ్ నొక్కాను. ఒంటి మీద నునుపైన రంగు లేదు. పెన్సిలుతో గీకిన అడ్డగీతలు, చెక్క మీద చెక్కినట్టు, మెడ కింద ముదురుగా, భుజం మీద పలచగా. ఫ్రేము జరిపితే గీతలూ జరుగుతాయి, శరీరం నీడలోంచి నీడలోకి పోతుంది. నోరూరించే బొమ్మ కాదిది. తీక్షణంగా చూసేవాణ్ణి తిరిగి చూస్తుంది.

మొదటి ఎపిసోడ్‌లో ఒక దీవి, అక్కడో మత గురువు, పెళ్ళికూతురి వేషంలో ఫుజికో. దొంగతనానికే వచ్చిన లూపిన్ ఆమెను తొలిసారి అక్కడే చూస్తాడు. బట్టలు జారే ప్రతి చోటా ఆమె చేతులు ఏం చేస్తున్నాయో చూడండి. ఎదుటివాడి కళ్ళు ఒకచోట ఉంటే, ఆమె వేళ్ళు పని ఇంకోచోట చక్కబెడుతుంటాయి. ఒళ్ళు ఆమెకు పనిముట్టు, మన జేబుదొంగకు చేతిమీద వేసుకున్న తువ్వాలులాగా. కొసరూ ఫైటూ ఒకే బొమ్మలో ఇమిడిపోవడం అంటే అదీ.

ఇక గుడ్లగూబలు. కథ నిండా గుడ్లగూబ తలలున్న మనుషులు ఫుజికోను వెంటాడుతుంటారు. ఆమె బాల్యంలో ఏదో ఘోరం జరిగిందనీ, అందుకే ఇలా తయారైందనీ మనం జాలిపడటానికి సిద్ధమవుతాం. (చూడనివాళ్ళు ఈ పేరా దాటేయండి.) చివరికి ఆ జ్ఞాపకాలు ఆమెవి కావని, వేరొకరివి ఆమెలోకి ఎక్కించారని తేలుతుంది. ఫుజికో ఇలా ఉండటానికి ఏ గాయమూ కారణం కాదు, ఆమె మనిషే అంత. చూసినందుకు మనం తయారు చేసుకున్న సాకు కాస్తా ఊడిపోతుంది.

లోపాల్లేవని కాదు. మధ్య ఎపిసోడ్లలో బొమ్మ స్పష్టంగా సన్నగిల్లింది. పోట్లాటలు కదలని భంగిమల వరుసగా మారిపోయాయి, అడ్డగీతలు కూడా మొక్కుబడిగా పడ్డాయి. లూపిన్‌తో ఆమె చెలగాటం చూడ్డానికి వచ్చినవాళ్ళకు, అతను మాయమైపోయే ఎపిసోడ్లు నిరాశే. డిస్కు విషయానికొస్తే ఆ పెన్సిలు గీతలకు బ్లూరే తప్పనిసరి. నెట్‌లో చూసినప్పుడు చీకటి సీన్లలో అవన్నీ కలిసి బొగ్గు ముద్దయ్యాయి. ఇంగ్లీషు డబ్బింగ్‌లో ఫుజికోగా మిషెల్ రఫ్ బాగానే చేసింది. కానీ నేను జపనీస్ ట్రాకే పెట్టుకుంటాను. లూపిన్ జతగాడు కుర్ర జిగెన్‌కు గొంతిచ్చిన కియోషి కొబయాషికి అప్పటికి 79 ఏళ్ళు. 1971 నుంచి 2021 దాకా టీవీలో ఆ పాత్ర ఆయనదే. ఆ గొంతులో గరుకుదనం ఏ వయసు పాత్రకైనా సరిపోయేలా ఉంది.

సాయంత్రం పెళ్ళి నుంచి మా వాళ్ళు అనుకున్నదాని కంటే గంట ముందే వచ్చేశారు. తెర మీద ఫుజికో పాజ్‌లో ఉంది, అట్ట మీద ఉన్నట్టే. రిమోట్ కోసం తడుముకుంటున్నాను. మా ఆవిడ చెప్పులు విప్పుతూ ఒక నిమిషం చూసి, "వెనకాల ఆ గుడ్లగూబలేంటండీ, అన్నీ మన వైపే చూస్తున్నాయి?" అంది.