వెనకవాళ్ల కోసం తొక్కేవాళ్లు

జగిత్యాల జిల్లా పెగడపల్లి చుట్టూ నేల చదునుగా కనిపిస్తుంది గానీ చదును కాదు. బస్సులో పోయేవాళ్లకు ఆ సంగతి తెలియదు. సైకిలెక్కినవాళ్లకు మాత్రం రెండు కిలోమీటర్లు తిరక్కుండానే తొడలు చెప్పేస్తాయి. వరి మడుల పక్కన మొదలైన రోడ్డు ఎక్కడ లేచిందో తెలియకుండా పైకి లేస్తుంది. మడులు పోయి చెల్కలొస్తాయి, చెల్కలు పోయి తుమ్మ పొదల మధ్య బోడ రాళ్లగుట్ట వస్తుంది. అది దాటగానే మళ్లీ ఒర్రెలోకి దిగుడు. మల్యాల మీదుగా కొండగట్టు చేరేదాకా ఇదే వరస. ఈ గుట్టలన్నీ గ్రానైటు. కరీంనగర్ గ్రానైటు పేరుతో దేశాలు దాటిపోయే రాయి ఈ ప్రాంతపు గుట్టలదే.

ఇలాంటి దారిలో వానాకాలం చివర, ఎండా మబ్బూ వానా ఒకే పూటలో వచ్చిపోయే రోజున, ఎనిమిది పది మంది కలిసి పొద్దంతా సైకిళ్లు తొక్కడం ఇప్పుడు జగిత్యాల వైపు కూడా అపురూపమేమీ కాదు. హైదరాబాద్‌లో ఈ అలవాటు ముందే వచ్చింది. అక్కడి హైదరాబాద్ బైసికిలింగ్ క్లబ్ 2007లో మొదలైంది. మూసీ పుట్టిన అనంతగిరి గుట్టలు ఎక్కి రావడం ఆ నగరపు సైకిలిస్టులకు ఎప్పటినుంచో ఇష్టమైన ప్రయాణం. హెల్మెట్లు పెట్టుకుని గుంపుగా పోయేవాళ్లను చూసి చాలామంది వ్యాయామం అనుకుంటారు, కొందరు సరదా అనుకుంటారు. రెండూ నిజమే. నాకు మాత్రం వాళ్లలో కనిపించేది పనితనం. మంచి మేస్త్రీ గోడ కట్టేటప్పుడు నిలబడి చూడాలనిపించినట్టు, మంచి గుంపు గుట్ట ఎక్కుతుంటే కూడా ఆగి చూడాలనిపిస్తుంది. చూడవలసింది ఎక్కడో తెలిస్తే ఇంకా బాగుంటుంది.

ముందుగా చూడవలసింది అందరికంటే ముందున్న మనిషిని. అతని పని వేగంగా పోవడం కాదు, ఒకే తీరుగా పోవడం. వెనక ఉన్నవాడి ముందు చక్రానికీ ఇతని వెనక చక్రానికీ మధ్య మహా అయితే మీటరు దూరం, చేయి తిరిగినవాళ్లయితే అందులో సగం. ముందువాడు ఉన్నట్టుండి కాలు ఆపితే, పక్కకు జరిగితే, వెనకవాడికి సర్దుకునే వ్యవధి ఉండదు. రెండు చక్రాలు రాసుకుంటే కింద పడేది దాదాపు ఎప్పుడూ వెనకవాడే. ముందు చక్రం పక్కకు తిరిగితే సైకిల్‌ను నిలబెట్టుకోలేం, వెనక చక్రానికి ఆ గండం లేదు. అంటే ముందున్నవాడు చేసిన పొరపాటుకు దెబ్బ తగిలేది వేరొకరికి. ఈ ఒక్క సంగతి ఒంటికి పట్టినవాడే ముందు నడవడానికి తగినవాడు.

ఆ ఒంటికి పట్టడం ఎలా ఉంటుందో చిన్న ఎత్తు వచ్చినప్పుడు చూడండి. నిటారు ఎక్కుడులో సీటు మీద నుంచి లేచి నిలబడి తొక్కాలనిపిస్తుంది. కొత్తవాడు లేచే క్షణంలో పెడల్ మీద బలం ఒక్కసారి తగ్గిపోతుంది, ఒళ్లు ముందుకు పోతుంది, సైకిల్ కిందనుంచి జానెడు వెనక్కి వస్తుంది. వెనకవాడి చక్రం మీదికే వస్తుంది. పనిమంతుడు అలా లేవడు. పై పెడల్ కిందికి దిగుతున్నప్పుడు దాన్ని ఇంకాస్త గట్టిగా తొక్కుతూ, ఆ బలం మీదే లేస్తాడు. చేతులతో హ్యాండిల్‌ను కొద్దిగా ముందుకు తోస్తాడు. అతను లేచాడు, సైకిల్ మాత్రం వెనక్కి రాలేదు. వెనక ఉన్నవాడికి ఏమీ జరిగినట్టే తెలియదు. ఇంత నేర్పూ వెనకవాడికి ఏమీ తెలియకుండా ఉండటానికే. నేను ఎంతో మెచ్చే పని ఇది. దీన్ని ఫొటో తీయలేం, లెక్క కట్టలేం.

గుంపుగా పోవడంలో లాభమేమిటని అడిగేవాళ్లకు జవాబు గాలి. చదును రోడ్డు మీద గంటకు 30 కిలోమీటర్ల వేగంతో పోయేవాడు ఖర్చు పెట్టే బలంలో ఎక్కువ భాగం గాలిని చీల్చడానికే పోతుంది. వేగం పెరిగేకొద్దీ ఆ ఖర్చు ఘనం లెక్కన పెరుగుతుంది. రెట్టింపు వేగానికి గాలి మీద ఎనిమిదింతల బలం పెట్టాలి. ముందువాడి చాటున పోయేవాడికి ఆ శ్రమలో పావు వంతు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే మిగులుతుంది. 2018లో నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్ సాంకేతిక విశ్వవిద్యాలయానికి చెందిన బెర్ట్ బ్లాకెన్ బృందం 121 మంది పందెగాళ్ల గుంపును నమూనాగా తీసుకుని లెక్కించింది. గుంపు నడిమధ్యన దాగినవాళ్లకు తగిలే గాలి నిరోధం ఒంటరివాడికి తగిలేదానిలో 5 నుంచి 10 శాతం మాత్రమేనని తేలింది. పదిమందికి అంత చాటు దొరకదు. కానీ కాకతీయ కాలువ దాటాక ఎదురుగాలి కొట్టే బయలు రోడ్డు మీద ఆ పావు వంతే మధ్యాహ్నానికి మనిషి ఇల్లు చేరడానికీ చేరకపోవడానికీ మధ్య తేడా అవుతుంది.

అందుకే ముందు ఉండటం వంతులవారీగా సాగుతుంది. ముందువాడు వెనక్కి చూసి, రోడ్డు ఖాళీ అని చూసుకుని, కొద్దిగా పక్కకు జరిగి వేగం తగ్గిస్తాడు. వరస అతన్ని దాటిపోతుంది, అతను చివర చేరుతాడు. కొత్తగా ముందుకొచ్చినవాడికి ఒక జబ్బు ఉంటుంది: తన వంతు రాగానే ఉత్సాహంతో వేగం పెంచడం. పెంచితే వరస తెగుతుంది, చివరివాడు విడిపోతాడు. నిన్నటిదాకా ఒంటరిగా గొప్పగా తొక్కినవాళ్లు కూడా ఇక్కడ మళ్లీ నేర్చుకోవాలి. ముందుకొచ్చినప్పుడు వేగం అంతే ఉండాలి, కాలి బలం మాత్రం పెరగాలి. గాలి ఇప్పుడు తనకు తగులుతోంది కదా.

గుట్ట మొదలైతే ఈ లెక్క మారుతుంది. వేగం తగ్గిపోతుంది గనక గాలి పక్కకు తప్పుకుంటుంది, బరువు ముందుకొస్తుంది. మనిషీ సైకిలూ కలిపి 82 కిలోలనుకుంటే, నూరు మీటర్లకు ఐదు మీటర్లు లేచే దారిలో గంటకు 12 కిలోమీటర్ల వేగానికి, బరువును పైకి లేపడానికే దాదాపు 134 వాట్ల బలం కావాలి. ఎవరి చాటున ఉన్నా అందులో తగ్గింపు ఉండదు. ఇక్కడ ఆదుకునేది గేర్లు. మన పాత 28 అంగుళాల సైకిల్‌కు ముందు 44, వెనక 18 పళ్లుంటే పెడల్ ఒక చుట్టు తిరిగితే బండి ఐదున్నర మీటర్ల దాకా పోతుంది. చదునులో హాయి, గుట్టలో శిక్ష. ముందు 34, వెనక 32 పళ్లున్న గేర్ల సైకిల్‌లో అదే చుట్టుకు రెండు మీటర్ల చిల్లర. కాలు తేలిగ్గా తిరుగుతుంది, బండి మెల్లగా పోతుంది, మోకాలు బతుకుతుంది. ఈ సౌకర్యం తేలిగ్గా రాలేదు. టూర్ డి ఫ్రాన్స్ పందెంలో గొలుసును పళ్ల మీద నుంచి పళ్ల మీదికి మార్చే గేర్లను 1937 దాకా రానివ్వలేదు. గుట్ట ఎక్కడమంటే మగతనపు పరీక్ష అనే భ్రమ అప్పటి నిర్వాహకులకు ఉండేది. చిన్న గేరు వేయడాన్ని ఇప్పటికీ చిన్నతనంగా చూసేవాళ్లున్నారు. వాళ్ల మోకాళ్ల మీద నాకు జాలి.

గేరు మార్చడంలోనూ చేతి నేర్పుంది. ఎక్కుడు కాళ్ల మీద పడ్డాక మారిస్తే గొలుసు బిగువు మీద కరకరలాడుతుంది, ఒక్కోసారి జారిపోతుంది. పనిమంతుడు ఎక్కుడు ఇంకా నాలుగు గజాల దూరంలో ఉండగానే మారుస్తాడు, మార్చే అర చుట్టులో కాలు తేలిక చేస్తాడు. గొలుసు చప్పుడు లేకుండా కూర్చుంటుంది.

ఎక్కుడులో వరస చెదిరిపోవడం సహజం. ఎవరి కాళ్లు వాళ్లవి. పైకి చేరినవాళ్లు ఆగుతారు. మంచి గుంపుకూ మామూలు గుంపుకూ తేడా ఇక్కడే బయటపడుతుంది. మామూలు గుంపు చివరివాడు రాగానే కదులుతుంది. ముందొచ్చినవాళ్లు పది నిమిషాలు అలసట తీర్చుకున్నారు, అందరికంటే అలసినవాడికి నీళ్లు తాగే సమయం కూడా లేదు. మంచి గుంపులో చివరివాడు దిగి, ఊపిరి సర్దుకుని, తనే “పోదాం అన్నా” అనేదాకా ఎవరూ కాలు ఎత్తరు.

ఈ పనంతా మోసేది చక్రం. దాని పనితనం గురించి చెప్పకపోతే ఈ పరిచయం సగమే. మన ఊళ్లలో మామూలు సైకిల్‌కు ముందు చక్రంలో 32 పుల్లలు (స్పోకులు), వెనక 40. మనిషి బరువు వెనకే ఎక్కువ, గొలుసు లాగేదీ వెనక చక్రాన్నే. సుమారు రెండు మిల్లీమీటర్ల మందమే ఉన్న ఆ పుల్ల నిలబడి బరువు మోయలేదు, వంగిపోతుంది. అందుకే దాన్ని ముందే లాగి బిగిస్తారు. ఒక్కో పుల్ల మీద పదుల కిలోల లాగుడు ఉంటుంది. నేల తాకిన చోట పుల్లల్లో ఆ లాగుడు కాస్త తగ్గడమే బరువు మోయడం. పుల్లలు ఇరుసు నడిమికి కాకుండా ఒకదాన్నొకటి దాటుతూ వాలుగా పోయే అల్లిక ఇంగ్లండులో 1874లో జేమ్స్ స్టార్లీ పేటెంటు తీసుకున్న పద్ధతి. పెడల్ బలం చక్రం అంచుకు చేరేది ఆ వాలు వల్లే.

చక్రం వంకర, అంటే బెండు, తీసే మెకానిక్ చేతిని దగ్గరగా చూడండి. పల్లెటూరి షాపులో స్టాండు ఉండకపోవచ్చు. సైకిల్‌ను తలకిందులు చేసి సీటు మీదా హ్యాండిల్ మీదా నిలబెడతాడు. సుద్దముక్కను ఫోర్కుకు ఆనించి పట్టుకుని చక్రం తిప్పుతాడు. రిమ్ము ఎటు వంకర ఉంటే అటు సుద్ద గీత పడుతుంది. గీత పడ్డ చోట ఆ పక్క పుల్లను రిమ్ముకు బిగించే నిప్పల్‌ను పావు చుట్టు వదులు చేసి, ఎదురు పక్కది పావు చుట్టు బిగిస్తాడు. అర చుట్టు తిప్పడు. తిప్పితే వంకర అటు పోయి నిలబడుతుంది, దాన్ని తీయడానికి మరో మూడు చోట్ల చేయి పెట్టాలి. మళ్లీ తిప్పి చూస్తాడు. చివర రెండేసి పుల్లల్ని పిడికిట్లో గట్టిగా పిసుకుతాడు. మెలిక పడ్డ పుల్లలు టింగుమని సర్దుకుంటాయి. అప్పుడు మరోసారి సుద్ద. పిసికే పని చేయనివాడి దగ్గర బాగుచేయించుకున్న చక్రం మొదటి గుంతలోనే మళ్లీ వంకర పోతుంది. ఆ పిసకడం చూసి షాపును ఎంచుకోవచ్చు.

ఇక వాన. ఈ కాలంలో మక్కలు కోసి రోడ్డు మీద ఆరబోస్తారు. ఎండగా ఉన్నప్పుడు ఆ గింజలు సైకిల్ టైరు కింద గుండ్లలా దొర్లుతాయి, వాటి మీద బ్రేకు వేయకూడదు, హ్యాండిల్ తిప్పకూడదు. అసలు వాటి మీదికే పోకూడదు, అది ఒకరి ఏడాది కష్టం. ముందువాడు చేయి చాచి ఖాళీ పక్క చూపిస్తాడు, “మక్కలు” అని ఒక్క మాట వెనక్కి అందిస్తాడు, ఆ మాట నోటినుంచి నోటికి చివరిదాకా పోతుంది. మబ్బు కమ్మి నాలుగు చినుకులు పడితే రైతు టార్పాలిన్ కోసం పరుగెత్తుతాడు. అప్పుడు దిగి నాలుగు కొసలు పట్టే గుంపంటే నాకు గౌరవం.

తడిసిన రిమ్ముకు బ్రేకు పట్టదు. పాత సైకిళ్ల మెరుపు ఇనుప రిమ్ములకైతే మరీ. పొడిగా ఉన్నప్పటి కంటే కొన్ని రెట్ల దూరం పోతే గానీ బండి ఆగదు. అల్యూమినియం రిమ్ము కొంత నయం, డిస్క్ బ్రేకు ఇంకా నయం. తెలిసినవాడు దిగుడు మొదలుకాకముందే బ్రేకు రబ్బర్లను రిమ్ముకు మెల్లగా తాకించి నీళ్లు తుడుస్తాడు, అసలు బ్రేకు ఆ తర్వాతే. మలుపులో బ్రేకు వేయడు, మలుపుకు ముందు నిటారుగా పోతున్నప్పుడే వేగం తగ్గించుకుంటాడు. మీటరు దూరంలో ఉన్న వరస ఇక్కడ పదిహేను ఇరవై మీటర్ల ఎడంతో సాగదీసుకుంటుంది. కొండగట్టు ఘాట్ రోడ్డు మీద ఇంత జాగ్రత్త ఎందుకో ఈ ప్రాంతంలో ఎవరికీ వివరించనక్కర్లేదు. 2018 సెప్టెంబర్ 11న అక్కడ బస్సు లోయలో పడి 60 మందికి పైగా చనిపోయారు. ఆ దిగుడులో పందెం పెట్టుకునేవాళ్లతో నేను వెళ్లను.

ఉరుము విషయంలో మొహమాటం పనికిరాదు. మెరుపుకూ ఉరుముకూ మధ్య ముప్పై సెకన్ల కంటే తక్కువ వ్యవధి ఉంటే పిడుగు పది కిలోమీటర్ల లోపే ఉన్నట్టు. బోడ గుట్ట మీద నిలబడకూడదు, ఒంటరి చెట్టు కిందికి అసలే పోకూడదు. పక్కా ఇల్లు చూసుకుని, చివరి ఉరుము విన్న అరగంట తర్వాతే కదలాలి. పుణెలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ తయారుచేసిన దామిని యాప్ పిడుగుల హెచ్చరికలిస్తుంది. గుంపులో ఒక్కరి ఫోన్లోనైనా అది ఉండాలి.

గుంపు నడక ఒక విద్య అనే గుర్తింపు పాతదే. ఫ్రాన్స్‌లో 1904లో ఆన్రీ దెగ్రాంజ్ మొదలుపెట్టిన ఆడాక్స్ ప్రయాణాల్లో గెలుపు ఓటములు లేవు. అందరూ కలిసి ఒకే వేగంతో పోవాలి, ముందు నడిపే కెప్టెన్‌ను దాటకూడదు. ఆ పద్ధతి ఇప్పటికీ బతికి ఉంది, వేగం గంటకు 22.5 కిలోమీటర్లు. మన దగ్గర ఎక్కువగా జరిగేది దాని తర్వాత వచ్చిన రెండో రకం, ఎవరి వేగం వాళ్లది: 200 కిలోమీటర్లకు పదమూడున్నర గంటలు, 300కు ఇరవై. నాకు మొదటి రకమే నచ్చుతుంది. గడువు లోపల చేరడానికి కాళ్లు చాలు, కలిసి చేరడానికి కళ్లూ చెవులూ చేతులూ అన్నీ కావాలి.

పెగడపల్లి వైపు మొదటిసారి గుంపుతో బయల్దేరేవాళ్లకు ఒక మాట. వెళ్లే ముందు రోజే రెండు చక్రాలకూ బెండు తీయించుకోండి, బ్రేకు రబ్బర్లు అరిగితే మార్పించుకోండి. వరసలో చేరాక ముందున్నవాడి చక్రం మీదే చూపు పెట్టుకోకండి, అతని భుజాల మీదుగా దూరం చూడండి. మీ వెనక కూడా ఒకరు ఉన్నారు.